కాదన్నంత మాత్రాన కొట్టేయొద్దు: అవును-కాదు ప్రశ్నలతో మనసులో మాట కనిపెట్టే ప్రోగ్రామ్ ఇలా రాసుకోండి

ఎండాకాలంలో ఒక రాత్రి కర్నూల్లో కరెంటు పోయి ఇంటిల్లిపాదీ మిద్దె మీదికి చేరినప్పుడు మొదలైంది ఇదంతా. పిల్లలు ఆడే ఆట మీకూ తెలిసే ఉంటుంది. ఒకరు మనసులో ఏదో ఒకటి అనుకుంటారు, మిగతావాళ్లు అవును, కాదు అని మాత్రమే జవాబొచ్చే ప్రశ్నలు వేసి అదేంటో కనుక్కోవాలి. ఆ రోజు మన సీమలో చూడదగ్గ చోట్లే అనుకోవాలని రూలు పెట్టుకున్నాం. నాకు కొంచెం ప్రోగ్రామింగ్ వచ్చు కదా అని గొప్పకు పోయి మర్నాడే ఫోన్లో ఆడేలా ఒకటి రాసి మా మామ చేతిలో పెట్టా. ఆయన యాగంటి అనుకున్నారు. గుడేనా అంటే అవున్నొక్కారు. పెద్ద నందికి పేరుందా అంటే అవునే. కర్నూలు జిల్లాలో ఉందా అంటే, ఆయన పుట్టి పెరిగింది బనగానపల్లె పక్కనే కాబట్టి ఒక్క క్షణం ఆలోచించకుండా అవునే. అంతే, నా ప్రోగ్రామ్ ఖాళీ తెర చూపించి కూర్చుంది.

"నీ ఫోనుకు యాగంటి కూడా తెలీదేరా" అన్నారు మామ, బొరుగులు నములుతూ.

ఆయన అబద్ధమేమీ ఆడలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక యాగంటి నంద్యాల జిల్లాలోకి పోయింది, నా పట్టికలో నేను అదే రాసుకున్నా. మామ లాంటివాళ్ల నోట్లో మాత్రం అది ఇంకా కర్నూలు జిల్లానే. నా ప్రోగ్రామ్ ఏం చేసిందంటే, ప్రతి జవాబుకూ సరిపోని పేర్లను జాబితాలోంచి తీసి పారేస్తూ పోయింది. గుడి అనగానే నాలుగు మిగిలాయి, నంది అనగానే లేపాక్షి, యాగంటి రెండే మిగిలాయి, కర్నూలు జిల్లా అనగానే ఆ రెండూ పోయాయి. ఒక్క జవాబు నా పట్టికతో కుదరకపోయేసరికి అసలు సమాధానం చెత్తబుట్టలో పడింది, దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు.

ఈ గైడంతా ఆ తప్పును సరిచేసుకోవడం గురించే. పేర్లను కొట్టేయకుండా వాటి బరువు, అంటే అదే సమాధానమయ్యే అవకాశం, తగ్గిస్తూ పెంచుతూ పోవాలి, అంతే కిటుకు. కాగితం, పెన్సిల్, క్యాలిక్యులేటర్ ఉంటే చాలు, ఎక్సెల్ వస్తే ఇంకా సుఖం, పైథాన్ వచ్చినవాళ్లకు ఒక సాయంత్రం పని.

ముందు ఆట అసలు ఎందుకు పని చేస్తుందో ఒక మాట. ఒక్క మంచి ప్రశ్న జాబితాను సగం చేస్తుంది. ఎనిమిది పేర్లుంటే మూడు ప్రశ్నలు, వెయ్యి ఉంటే పది, ఇరవై ప్రశ్నలకైతే 10,48,576 వస్తువుల్లో ఒకదాన్ని పట్టుకోవచ్చు. మనసులో అనుకున్న మనిషిని ప్రశ్నలతో కనిపెట్టే అకినేటర్ అనే ఆన్‌లైన్ ఆట ఆడినవాళ్లకు అది మంత్రంలా అనిపించేది ఈ లెక్క వల్లే. 2007లో ఎలోకెన్స్ అనే ఫ్రాన్స్ కంపెనీ దాన్ని తెచ్చింది, అంతకు చాలా ముందే 1988లో కెనడాలో రాబిన్ బర్గెనర్ ట్వంటీక్యూ అని ఇలాంటిదే మొదలుపెట్టాడు. అయితే ఈ సగం-సగం లెక్క జవాబు చెప్పేవాడు ఎప్పుడూ తప్పు చెప్పడనే నమ్మకం మీద నిలబడి ఉంది. మనుషులతో ఆడేటప్పుడు ఆ నమ్మకం రెండో ప్రశ్న దాకా కూడా నిలవదు.

పట్టిక

అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా పేర్లు రాసుకోండి. ప్రతి గడిలో అవును, కాదు అని రాయకండి. ఈ చోటును మనసులో పెట్టుకున్న పదిమందిని ఈ ప్రశ్న అడిగితే ఎంతమంది అవునంటారు? ఆ అంకె రాయండి. మంత్రాలయం గుడేనా అంటే పదిలో తొమ్మిది, అంటే 0.9. బెలూం గుహలు గుడేనా అంటే 0.1. తిమ్మమ్మ మర్రిమాను చెట్టు, కానీ కింద తిమ్మమ్మ గుడి ఉంది, దండం పెట్టుకునేవాళ్లు చాలామంది, కాబట్టి నేను 0.4 వేశా. యాగంటి కర్నూలు జిల్లానా అంటే, నా అంచనాలో పదిమందిలో ఆరుగురు ఇంకా అవుననే అంటారు, 0.6.

ఏ గడిలోనూ 0 కానీ 1 కానీ పెట్టొద్దు. ఎంత ఖాయమనిపించినా 0.05, 0.95 దగ్గర ఆగండి. సున్నాను దేంతో గుణించినా సున్నానే కాబట్టి, ఒక్కసారి ఒక పేరుకు సున్నా పడిందంటే ఆ తర్వాత వంద జవాబులు దానికి అనుకూలంగా వచ్చినా అది లేవదు. నా మొదటి ప్రోగ్రామ్ చేసింది సరిగ్గా అదే, గడులన్నిటిలో 0, 1 మాత్రమే ఉన్నాయి.

ప్రశ్న ఎలా అడుగుతామన్నది ఇక్కడే తేలిపోతుంది. "గుడి ఉందా?" అంటే గండికోటకు కూడా అవునే, లోపల మాధవరాయ స్వామి గుడి ఉంది, రంగనాథ స్వామి గుడి ఉంది, పక్కనే మసీదూ ఉంది. "జనం ముఖ్యంగా దేవుడి దర్శనానికే వెళ్తారా?" అంటే గండికోటకు 0.1 ధైర్యంగా వేయొచ్చు. "కొండ మీద ఉందా?" అని మాత్రం దయచేసి అడక్కండి. సీమలో ఏది కొండ మీద లేదు చెప్పండి, పైగా ఊరి మధ్యలో చదును నేల మీద ఉన్న కొండారెడ్డి బురుజుకు పేరు విని అవున్నొక్కినవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

మొదటి బరువులు

ఆట మొదలుకాకముందే అన్ని పేర్లకూ సమానంగా అవకాశం ఉంటుందనుకోవడం బద్ధకం. మా ఇంట్లో ఆడితే లేపాక్షి ఎక్కువసార్లు వస్తుంది, మర్రిమాను ఎప్పుడో ఒకసారి. అందుకే వంద మార్కులు తీసుకుని పంచా: లేపాక్షికి 25, గండికోటకు 20, మంత్రాలయానికి 15, బెలూం గుహలకు 10, ఒంటిమిట్టకు 10, యాగంటికి 8, కొండారెడ్డి బురుజుకు 7, తిమ్మమ్మ మర్రిమానుకు 5. ఇవి అంచనాలే, మీ ఇంట్లో వేరే ఉంటాయి, ప్రొద్దుటూరు వైపు ఆడితే ఒంటిమిట్ట పైకి పోతుంది. మొదట్లో తప్పున్నా కంగారు లేదు, నాలుగు జవాబులయ్యాక ఈ అంకెల ప్రభావం పలచబడిపోతుంది. ఇక్కడ కూడా సున్నా మాత్రం వద్దు.

జవాబొచ్చాక చేసేది

ఇది మొత్తం పనికి గుండెకాయ, కానీ చిన్న గుణకారమే. అవును అని జవాబొస్తే ప్రతి పేరు బరువును ఆ ప్రశ్న గడిలోని అంకెతో గుణించండి. కాదు అని వస్తే 1లోంచి ఆ అంకె తీసేసి దాంతో గుణించండి. తర్వాత అన్నీ కూడి, ఒక్కోదాన్ని ఆ మొత్తంతో భాగించి మళ్లీ వందకు తెచ్చుకోండి. థామస్ బేయిస్ అనే ఇంగ్లండ్ పాస్టర్ కాయితాల్లో దొరికి, ఆయన పోయిన రెండేళ్లకు 1763లో అచ్చయిన సూత్రం ఇదే.

మామ ఆట మళ్లీ ఆడదాం, ఈసారి బరువులతో.

గుడేనా అన్నదానికి అవును. లేపాక్షి 25ను 0.9తో గుణిస్తే 22.5, మంత్రాలయం 13.5, ఒంటిమిట్ట 9, యాగంటి 7.2, గండికోట 20ను 0.1తో గుణిస్తే 2, మర్రిమాను 5ను 0.4తో గుణిస్తే 2, బెలూం 1, బురుజు 0.7. మొత్తం 57.9. వందకు మార్చుకుంటే లేపాక్షి 38.9, మంత్రాలయం 23.3, ఒంటిమిట్ట 15.5, యాగంటి 12.4, గండికోట 3.5, మర్రిమాను 3.5, మిగతా రెండూ కలిపి 3 లోపు. గండికోట పోలేదు చూడండి, అడుక్కి పోయింది, అంతే.

నందికి పేరుందా అన్నదానికి అవును. లేపాక్షికీ యాగంటికీ 0.9, మిగతావాటికి 0.1. మొత్తం 51 వస్తుంది, వందకు తెస్తే లేపాక్షి 68.6, యాగంటి 21.9, మంత్రాలయం 4.6, ఒంటిమిట్ట 3, మిగతావన్నీ కలిపి 2. ఇక్కడ ఆగి ఊహించేస్తే లేపాక్షి అంటాం, తప్పవుతుంది.

ఇప్పుడు కొంప ముంచిన ప్రశ్న, కర్నూలు జిల్లానా? అవును. లేపాక్షి మా పాత లెక్కలో అనంతపురం, కొత్త లెక్కలో శ్రీ సత్యసాయి జిల్లా, ఏ లెక్కలో చూసినా కర్నూలు కాదు, 0.05. యాగంటి 0.6. మంత్రాలయం రెండు లెక్కల్లోనూ కర్నూలే, 0.95. గుణిస్తే యాగంటి 13.1, మంత్రాలయం 4.3, లేపాక్షి 3.4, మిగతా చిల్లర అంతా కలిపి అర మార్కు పైచిలుకు. వందకు తెస్తే యాగంటి 61, మంత్రాలయం 20, లేపాక్షి 16. పాత పద్ధతిలో ఖాళీ తెర చూపించిన అదే జవాబు ఇప్పుడు లేపాక్షి బరువు యాగంటి బరువులో మూడో వంతు కూడా లేనంతగా యాగంటిని ముందుకు తెచ్చింది. పట్టికతో పూర్తిగా కుదరని జవాబు కూడా పనికొచ్చింది, ఎందుకంటే ఏ పేరుకు ఆ జవాబు ఎంతమంది చెప్పగలరో ముందే రాసుకున్నాం.

నాలుగో ప్రశ్న, అక్కడ కాకులు వాలవని చెప్పుకుంటారా? అగస్త్యుడు శపించాడని యాగంటి గురించి చెప్పే కథ. దానికి 0.9, మిగతా అన్నిటికీ 0.05. మామ అవునన్నారు. యాగంటి దాదాపు 97. ఇక చెప్పేయొచ్చు.

పేర్లు పది ఇరవై ఉన్నంతకాలం ప్రతి జవాబు తర్వాతా ఇలా వందకు తెచ్చుకుంటే సరిపోతుంది. వేలల్లో పేర్లు, పాతిక ముప్పై ప్రశ్నలు అయితే గుణకారాల బదులు లాగ్‌లు (లాగరిథమ్‌లు, గుణకారాన్ని కూడికగా మార్చేవి) కూడుకోండి, లేకపోతే అంకెలు మరీ చిన్నవైపోయి కంప్యూటర్ వాటిని సున్నా అనుకునే ప్రమాదముంది, మళ్లీ సున్నా గొడవ మొదటికొస్తుంది.

తెలీదు అనే బటన్ తప్పకుండా పెట్టండి. అది నొక్కితే బరువులు కదిలించొద్దు, ఇంకో ప్రశ్నకు పోండి. నేను మొదట్లో "తెలీదు"ను "కాదు" కింద లెక్కేశా, పిల్లలు ఆడినప్పుడల్లా ఏదేదో చెప్పేది.

ఏ ప్రశ్న అడగాలి

అందరూ ఇక్కడే బోల్తా పడతారు కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా.

మొదటి ఆలోచన అందరికీ ఒకటే, అవును, కాదు చెరి సగం వచ్చే ప్రశ్న వెతుక్కోవడం. పేర్ల సంఖ్యలో సగం కాదు సుమా, బరువులో సగం. ఎనిమిది పేర్లలో నాలుగు గుళ్లు అని లెక్కపెట్టకండి, గుళ్ల బరువెంత, మిగతావాటి బరువెంత అని చూడండి. పైన మొదటి ప్రశ్నకు అవునన్న వైపు 57.9 వచ్చింది, బాగానే ఉంది. కాకుల ప్రశ్న మొదటే అడిగి ఉంటే వందలో దాదాపు 88 సార్లు కాదనే జవాబొచ్చేది, వచ్చినా పెద్దగా ఏమీ తెలిసేది కాదు. పిల్లలు మొదటి ప్రశ్నకే "లేపాక్షా?" అని అరుస్తారు చూడండి, అదీ ఈ జబ్బే.

కానీ సగం-సగం ఒక్కటే చూసుకుంటే ఇంకో గుంతలో పడతారు. "ఆ చోటు బాగుంటుందా?" అనే ప్రశ్న తీసుకోండి. ఏ చోటు అనుకున్నా సగంమంది బాగుందంటారు, సగంమంది ఏముంది అక్కడ అంటారు. అవును, కాదు సరిగ్గా చెరి సగం, చూడ్డానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. ఏం తెలిసింది మనకు? ఏమీ లేదు, ప్రతి పేరునూ 0.5తో గుణించాం, వందకు తెచ్చుకుంటే ఎక్కడివక్కడే.

అంటే రెండు కొలవాలి. జవాబు ఎంత అనూహ్యంగా ఉంటుంది అన్నది ఒకటి. వస్తువేదో తెలిసిపోయాక కూడా ఆ జవాబులో ఇంకా ఎంత అనుమానం మిగులుతుంది అన్నది రెండు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే ఆ ప్రశ్న విలువ. ఈ కొలతకు యూనిట్ బిట్, లెక్క 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఇచ్చాడు. చేసే పద్ధతి ఇది: అవును వచ్చే వాటాను దాని లాగ్‌తో, బేస్ 2 లాగ్‌తో గుణించండి, కాదు వచ్చే వాటాకూ అదే చేయండి, రెండూ కూడి గుర్తు మార్చండి. వాటా సగమైతే 1 వస్తుంది, పదో వంతైతే 0.469 వస్తుంది, ఇరవయ్యో వంతైతే 0.286. మొత్తం జవాబుకు ఒకసారి ఇలా చేసి, తర్వాత ఒక్కో పేరు గడికి చేసి బరువుల ప్రకారం సగటు తీసి, మొదటిదాంట్లోంచి తీసేయండి.

నా పట్టిక మొదటి బరువులతో ఇలా లెక్కేస్తే గుడి ప్రశ్నకు 0.49 బిట్లు, కాకుల ప్రశ్నకు 0.22, బాగుంటుందా అన్నదానికి అక్షరాలా సున్నా. అదే కాకుల ప్రశ్నను మూడు జవాబుల తర్వాత, యాగంటి 61 మీద ఉన్నప్పుడు మళ్లీ లెక్కేస్తే 0.59 వచ్చింది. ప్రశ్న అదే, వేళ మారింది. అందుకే ప్రశ్నల వరస ముందే రాసి పెట్టుకోవద్దు, ప్రతి జవాబు తర్వాతా మిగిలిన ప్రశ్నలన్నిటికీ మళ్లీ లెక్కేసి పెద్దదాన్ని తీసుకోవాలి. కాగితం మీద ఇది చాకిరీ, ఎక్సెల్‌లో ఫార్ములా కిందికి లాగితే అయిపోతుంది.

ఈ బిట్ల వల్ల ఇంకో సంగతి కూడా ముందే తెలిసిపోతుంది. జవాబులు పదింట ఒకటి తప్పొచ్చే పరిస్థితిలో ఎంత మంచి ప్రశ్న వేసినా 0.53 బిట్లకు మించి రావు. ఇరవై ప్రశ్నలకు పదిన్నర బిట్లు, అంటే పది లక్షల్లో పట్టగలిగేది కాస్తా సుమారు పదిహేను వందల్లో పట్టడానికి దిగిపోతుంది. ఐదింట ఒకటి తప్పయితే ప్రశ్నకు 0.28 బిట్లే, ఇరవై అడిగినా యాభై లోపు పేర్లకే సరిపోతాయి. కాబట్టి పేర్లు వందలు వందలు చేర్చే ముందు ప్రశ్నల మాటలు శుభ్రం చేసుకోండి, అది ఎక్కువ లాభం.

అడిగిందే మళ్లీ అడిగితే?

తప్పు చెప్తారని అనుమానమైతే రెండుసార్లు అడిగేద్దాం అనిపిస్తుంది. గణితం వాళ్ల దగ్గర దీనికి పాత లెక్క ఉంది. స్టానిస్లా ఉలమ్ వేసిన చిక్కు: పది లక్షల లోపు ఒక అంకె అనుకున్నవాడు ఒక్కసారి అబద్ధమాడొచ్చు, అప్పుడెన్ని ప్రశ్నలు కావాలి? అబద్ధం లేకపోతే ఇరవై. ప్రతిదీ రెండుసార్లు అడిగి, తేడా వచ్చిన చోట మూడోసారి అడిగితే 41. కానీ తెలివిగా అడిగితే 25 చాలని తేల్చారు. అడిగిందే అడగడం కంటే, ఎక్కడో ఒక అబద్ధం ఉండొచ్చని మనసులో పెట్టుకుని కొత్త ప్రశ్నలు కూర్చుకోవడం చాలా చవక.

మా మామ విషయంలో అయితే రెండోసారి అడగడం పూర్తిగా దండగ. పదిసార్లడిగినా కర్నూలు జిల్లానే అంటారు, మధ్యలో కోప్పడతారు కూడా. మన గుణకారం మాత్రం ప్రతి జవాబూ విడిగా వచ్చిన సాక్ష్యం అనుకుంటుంది. కర్నూలు జిల్లానా, నంద్యాల జిల్లానా, పాత అనంతపురం జిల్లానా అని మూడూ వరసగా అడిగితే ఒకే నమ్మకాన్ని మూడుసార్లు లెక్కేసినట్టు, తప్పు కూడా మూడింతలవుతుంది. నేను చేసిన ఏర్పాటు సులువైనది, ఒకే సంగతిని తిప్పి అడిగే ప్రశ్నలకు ఒకే గుంపు నంబరు ఇచ్చా, గుంపులోంచి ఒక్కటి అడిగితే మిగతావి ఆ ఆటకు మూత. ఇంతకంటే గొప్ప పద్ధతులున్నాయి, మిద్దె మీద ఆటకు ఇది చాలు.

ఎప్పుడు చెప్పేయాలి

పైనున్న పేరు 90 దాటితే చెప్పేయమని నేను పెట్టుకున్నా. కొందరు మొదటిదానికీ రెండోదానికీ తేడా చూస్తారు, పేర్లు వేలల్లో ఉన్నప్పుడు అదే మంచిది, ఎందుకంటే మొదటిది 40 మీద ఉన్నా రెండోది 2 మీద ఉండొచ్చు. ఊహ తప్పయిందనుకోండి, ఆ పేరు బరువును 0.02తో గుణించి ఆట కొనసాగించండి. ఇక్కడా సున్నా వద్దు, వేలు జారి తప్పు బటన్ నొక్కేవాళ్లు ఉంటారు.

ప్రశ్న ఖరీదు అనేది కూడా ఒకటుంది. ఆటలో అన్ని ప్రశ్నలూ ఒకటే రేటు కాబట్టి పట్టదు, కానీ ఇదే పద్ధతిని బయట వాడితే అదే ముఖ్యమైపోతుంది. అనంతపురం వైపు చేలో బోరు మోటరు తిరగలేదంటే ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. మూడు ఫేజులూ వస్తున్నాయా? స్టార్టర్ ట్రిప్ అయిందా? కేబుల్ ఎక్కడన్నా తెగిందా? చివరికి, మోటరే కాలిందా? మోటరు పైకి లాగి చూస్తే అనుమానాలన్నీ ఒక్క దెబ్బకు తీరతాయి, బిట్ల లెక్కలో అదే రాజా ప్రశ్న. కానీ పైపులన్నీ పైకి లాగడానికి మనుషులు, కూలి, ఒక రోజు పని. అనుభవమున్న మెకానిక్ ముందు టెస్టర్‌తో ఫేజులు చూస్తాడు, అర నిమిషం పని, అదే చాలాసార్లు కారణమవుతుంది కూడా. ఆయన మనసులో చేస్తున్నది బిట్లను రూపాయలతో భాగించడమే. మీ ప్రోగ్రామ్‌లోనూ ప్రశ్న విలువను దాని ఖర్చుతో భాగించి పెద్దదాన్ని తీసుకోండి, ఒక్క లైను మార్పు.

ఆడేకొద్దీ నేర్చుకునేలా

పట్టికలో అంకెలన్నీ నా ఊహలే అన్నాను కదా, వాటిని అలాగే వదిలేయక్కర్లేదు. ప్రతి గడిలో ఒక్క అంకె బదులు రెండు ఉంచండి, ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు. మొదట నా ఊహను పదిమంది జవాబులతో సమానంగా వేసుకున్నా, యాగంటి కర్నూలు జిల్లానా అన్న గడిలో 6 అవును, 4 కాదు. తర్వాత నిజంగా ముగ్గురు ఆడి ముగ్గురూ అవునంటే 9, 4 అవుతాయి, అంకె 0.6 నుంచి 0.69కి జరుగుతుంది. మీకు ఊహ కూడా లేని గడి అయితే 1 అవును, 1 కాదు అని మొదలుపెట్టండి, అప్పుడు ఎవరూ ఆడకముందు 0.5 ఉంటుంది, ఎంతమంది ఒకే జవాబు చెప్పినా పూర్తి 0 గానీ 1 గానీ ఎప్పటికీ కాదు. మొదటి బరువులు కూడా ఇలాగే, ఎవరు ఏది అనుకున్నారో లెక్క పెంచుకుంటూ పోతే చాలు.

రెండు జాగ్రత్తలు. ఆట చివర్లో ఏమనుకున్నారో ఖాయంగా తెలిసినప్పుడే పట్టిక మార్చండి, సగంలో వదిలేసిన ఆటలోంచి ఏమీ తీసుకోవద్దు. మా చిన్నోడు కావాలని గండికోటను మనసులో పెట్టుకుని అన్నిటికీ తప్పు జవాబులు చెప్పి ఒక్క మధ్యాహ్నంలో నా పట్టికను గబ్బు పట్టించాడు, అందుకే ఇప్పుడు ఒకే ఫోను నుంచి రోజుకు ఒక్కో పేరుకు ఒక్క ఆటే లెక్కలోకి వస్తుంది. రెండోది, ఎప్పుడూ అన్నిటికంటే మంచి ప్రశ్ననే అడిగితే కొన్ని ప్రశ్నలకు ఎన్నడూ వంతు రాదు, వాటి గడులు ఊహల దగ్గరే ఉండిపోతాయి. ఐదు ప్రశ్నలకొకసారి అంతగా పనికిరాని ప్రశ్నను కూడా కావాలనే వేయిస్తున్నా. ఆట కాస్త పొడుగవుతుంది, కానీ రెండు నెలల తర్వాత పట్టిక మీ ఊళ్లో జనం మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

ఓడిపోయినప్పుడు ఏమనుకున్నారో అడిగి రాయించుకోండి. రాసిన పేరును అలాగే చేర్చేయకుండా ఒకసారి కంటితో చూడండి, లేకపోతే యాగంటి, యాగంటి ఉమామహేశ్వరుడు, యాగంటి గుడి అని మూడు పేర్లు తయారై బరువు మూడు ముక్కలైపోతుంది, మూడూ ఒకదాన్నొకటి గెలవనివ్వవు. కొత్త పేరుకు ఆ ఆటలో వచ్చిన జవాబులు గడుల్లో వేసి, అడగని ప్రశ్నల గడులు 1, 1 అని వదిలేయండి.

ప్రోగ్రామ్ మార్చి మళ్లీ మామకిచ్చా. యాగంటి నాలుగు ప్రశ్నల్లో చెప్పేసింది. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు, ఇంకోసారి ఆడతానన్నారు. గుడేనా అంటే తెలీదు. నది ఒడ్డునుందా అంటే కాదు. టికెట్ కొనాలా అంటే కాదు. పదమూడు ప్రశ్నలయ్యాక ప్రోగ్రామ్ మర్రిమాను అంది, తప్పన్నారు. ఏమనుకున్నావు మామా అని అడిగితే వాళ్ల ఊళ్లో పీర్లచావిడి అట. అది చూడదగ్గ చోటెలా అవుతుంది మామా అన్నా. నువ్వు చూసినావా అన్నారు. చేర్చేశా, బరువు 1.